లారీలో నాలుగోవాడు

"మీ నాయన యాడికి పోయినాడో నన్ను అడగొద్దు," అంది చెంగమ్మ. "ముప్పైయారేండ్లు యాడుండినాడో కూడా నాకు తెలీదు."

వైష్ణవి గడపలోనే ఆగిపోయింది. తిరువళ్లూరులో ఏడు గంటల రైలెక్కి, తిరువాలంగాడులో దిగి, షేర్ ఆటోలో ఊరు చేరేసరికి ఎనిమిదిన్నర దాటింది. ఇంట్లో పొయ్యి వెలగలేదు. పాలు తెచ్చిన క్యాను తెచ్చినట్టే ఉంది. అమ్మ వెనక వాకిలి మెట్టు మీద కూర్చుని ఉంది. ఒళ్లో ఒక కాగితం, దాని మీద రెండు చేతులు.

ఆ కాగితం ఏదో చూడగానే తెలిసిపోయింది. 

పోయిన ఆదివారం తానే బీరువాలో చీరల కింద దాచి వెళ్లిన నకలు అది. సైన్యం రికార్డు ఆఫీసు పాత ఫైల్లోంచి తీసి పంపింది. శ్రీలంకలో మందుపాతర మీదికెక్కి తగలబడుతున్న లారీలోంచి నాయక్ హోదాలో ఉన్న నాన్న సుందరరాజులు ముగ్గురిని బయటికి లాగాడని, ఆయనకు సేనా మెడల్ ఇవ్వాలని అప్పటి కెప్టెన్ ఇంగ్లీషులో రాసిన సిఫారసు. మెడల్ మంజూరైంది కూడా. సైనిక నంబరులో రెండు అంకెలు తారుమారు కావడంతో ఆయన సర్వీసు పుస్తకంలోకి మాత్రం ఎక్కలేదు. ఆ తప్పు దిద్దించాలని ఎనిమిది నెలలుగా ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నది వైష్ణవే.

"ఎవురు చదివినారు నీకు?"

"మనస్వి. పక్కింటి పిల్ల. కాలేజీకి పోతా ఉంటే నిలబెట్టినా. మీ నాయన మెడల్ కాగితం గదా, ఏముండాదో విని దేవుడి పటం కాడ పెడదామనుకున్నా." చెంగమ్మ గొంతులో ఏడుపు లేదు. అదే వైష్ణవిని ఎక్కువ భయపెట్టింది. "సగం చదివి నిలిపేసింది. అవ్వా, రామానుజం అంటే ఎవురు అని అడిగింది."

రామానుజం చెంగమ్మ తమ్ముడు. ఇరవయ్యేళ్ల వయసులో, శ్రీలంకలో లారీ కింద మందుపాతర పేలి పోయాడు. నడవాలో గోడ మీద యూనిఫారంతో ఉన్న పటం ఆయనదే.

"ఆ పొద్దు నేను క్యాంపులో ఉండినా, లారీలో లేను, చూడలేదు అని చెప్పినాడు మీ నాయన. మా అమ్మ తల మీద చెయ్యి పెట్టి చెప్పినాడు. బాంబు పేలిన క్షణంలోనే పోయినాడు, వాడికి ఏమీ తెలీలేదు అన్నాడు. మా అమ్మ ఆ మాట పట్టుకునే ఇంకో పన్నెండేండ్లు బతికింది." చెంగమ్మ కాగితాన్ని కూతురి వైపు చాచింది. "లోపల చిక్కుకున్న నాలుగోవాడు మా రామానుజం, పిలుస్తా ఉండినాడంట. ఆ ముక్క ఆ పిల్ల తమిళంలో చెప్పింది. ఇది నువ్వు చదివినావా లేదా?"

వైష్ణవి కాగితం అందుకుని మడత పెట్టింది.

"చదివే దాచినావు. సరే."

"అమ్మా, నాయన యాడ?"

"అరుగు మీద కూచోని అంతా విన్నాడు. మనస్వి పోయినాక లేచినాడు. టవలు భుజానేసుకొని పోయినాడు. నన్ను చూడలే."

ఫోను చార్జరుకే తగిలించి ఉంది. కళ్లజోడు కిటికీలో ఉంది. కళ్లజోడు లేకుండా నాన్న వీధి మలుపు కూడా దాటడు. ఊరి వెనకే రైలు పట్టాలు. అరక్కోణం బండ్లు ఇరవై నిమిషాలకొకటి పోతూనే ఉంటాయి.

"ఎంతసేపయింది?"

"ఏడున్నర," అంది చెంగమ్మ. అప్పుడు మొదటిసారి తలెత్తి కూతురి ముఖం చూసింది. ఆమె కళ్లలోనూ అదే భయం ఉంది. "పోయి చూడు. నేను రాను. నా కాళ్లు లేయవు."

*

చెరుకు తోట గట్టు మీద వైష్ణవి పరుగెత్తింది. దూరంగా బండి కూత వినిపించినప్పుడు ఆగి, బండి నిలవకుండా సాగిపోయే చప్పుడు పూర్తిగా వినేదాకా కదల్లేదు. బండి పోయింది. మళ్లీ పరుగు.

బావి దగ్గర చెప్పులు కనిపించాయి.

నాన్న చెప్పులే. ఎడమదానికి పోయిన నెలే కొత్త పట్టీ వేయించింది తను. రెండూ బావి గట్టుకు ఆనించి పక్కపక్కన ఉన్నాయి, పెరేడ్‌లో పెట్టినట్టు.

ఆ పది అడుగులు ఎలా నడిచిందో తెలియదు. గట్టు పట్టుకుని లోపలికి వంగింది. నీళ్లు నల్లగా, నిలకడగా ఉన్నాయి. ఒక ఎండుటాకు తేలుతోంది. "నాయనా" అని లోపలికి కేకేసింది.

"నేనిక్కడుండా," అని వెనక నుంచి గొంతు వినిపించింది.

మోటారు గది వాకిట్లో, చీకట్లోకి జరిగి కూర్చుని ఉన్నాడు సుందరరాజులు. అరవై రెండేళ్ల మనిషి. రెండు చేతులూ మోకాళ్ల మధ్య పెట్టుకుని నొక్కి పట్టుకున్నాడు. 

వైష్ణవి పోయి ఆయన ఎదుట నేల మీద కూర్చుంది. 

"మీ అమ్మ ఏమనింది?"

"పొయ్యి వెలిగించలేదు."

ఆయన తలూపాడు. ఆ ఒక్క మాటతో అంతా అర్థమైనట్టు.

"ఎందుకు తవ్వినావు బిడ్డా ఇదంతా?"

"నీ మెడల్ నాయనా. నువ్వు సంపాదించుకున్నది. ఎవురో నంబరు తప్పు రాస్తే..."

"నంబరు తప్పు పడిందని నాకు తొంబైలోనే తెల్సు." సుందరరాజులు నేల చూస్తూ చెప్పాడు. "ఆఫీసులో ఒకాయన పిలిచి చెప్పినాడు. అర్జీ పెట్టుకో, సరిచేస్తాం అన్నాడు. నేను పెట్టలే. ఆ తప్పు పడినందుకు మొక్కుకున్నా. మెడల్ వస్తే కాగితం వస్తుంది. కాగితం వస్తే మీ అమ్మ ఎవురితోనైనా చదివించుకుంటుంది."

 ఎనిమిది నెలలుగా నాన్న 'ఎందుకమ్మా ఇప్పుడు' అంటుంటే వినయం అనుకుంది. ఆఫీసుల్లో అడగడానికి మొహమాటం అనుకుంది. ఒక్కసారైనా ఆయన ముఖం సరిగా చూడలేదు.

"లారీ పక్కకు పడిపోయింది," అన్నాడు ఆయన, ఎవరూ అడగకుండానే. "నేను వెనక జీపులో ఉండినా. ఇద్దర్ని లాగినా. మూడోసారి పోతే పొగలో ఏమీ కనపడలే. ముందర పక్క నుంచి పిలుపు. బావా, బావా అని. నన్ను అట్లా పిలిచేవాడు ఒక్కడే."

"నాయనా, చాలు."

"అప్పుడే నా కాలికాడ ఒక చెయ్యి తగిలింది. పిలుపు ఒక పక్క, చెయ్యి ఒక పక్క. నేను చెయ్యి పట్టుకున్నా. బయటికి లాగి చూస్తే దేవేంద్రన్. మళ్లీ తిరిగేలోపల పిలుపు నిలిచిపోయింది. నాలుగడుగులు వేసినానో లేదో డీజిల్ ట్యాంకు పేలింది."

ఎక్కడో కొంగ అరిచింది. ఆయన చేతులు ఇంకా గట్టిగా నొక్కుకున్నాడు.

"వాడిని పట్టాళంలో చేర్పించింది నేనే. మీ అమ్మ తల్లి ధనమ్మ అవ్వకు మాట ఇచ్చినా, నా వెనకే ఉంటాడు, నేను చూసుకుంటా అని. వాడు పిలిచినాడు బిడ్డా. నేను పోలేదు. దానికి మెడల్ ఇచ్చినారు."

వైష్ణవి ఆయన మోకాలి మీద చెయ్యి వేసింది. ఆయన ఆ చెయ్యి తీసేయలేదు, పట్టుకోలేదు.

"దేవేంద్రన్ మామ పదిన్నరకు వస్తాడు. పన్నెండింటికి తిరుత్తణిలో నోటరీ కాడికి పోవాల. నీ వాంగ్మూలం, ఆయన వాంగ్మూలం ఈ శుక్రవారంలోగా చేరకపోతే ఫైలు మూసేస్తారు."

"మూసేయనీ. దేవేంద్రన్ని తిరిగి పంపించు. నేను వాడి ముఖం చూడలేను. మూడు ఉత్తరాలు రాసినాడు ఆసుపత్రి నుంచి. నేను ఒక్కదానికీ బదులు రాయలే. వాడు బతికినాడని గుర్తొచ్చినప్పుడల్లా..."

"ఇంటికి రా నాయనా. అమ్మ భయపడతా ఉండాది."

"మంటల్లోకి మూడుసార్లు పోయినా," అన్నాడు సుందరరాజులు. "ఆ గడప దాటేదానికి నా వల్ల కాలేదు. నువ్వు పో. నేను వస్తా."

"నువ్వు లేస్తేనే నేను పోయేది."

చాలాసేపటికి ఆయన లేచి, చెప్పులు తొడుక్కున్నాడు.

*

గట్టు మీద ఆయన్ని ముందు నడవనిచ్చి, నాలుగు బారలు వెనకబడి వైష్ణవి ఫోను తీసింది. ఆ లారీలోంచి బతికి బయటపడ్డ ముగ్గురిలో ఇప్పుడు ప్రాణాలతో ఉన్నది దేవేంద్రన్ ఒక్కడే. ఆరణి బజార్లో ఎరువుల అంగడి. రెండు నెలలు వెతికి పట్టుకుంది ఆయన్ని. ఇప్పుడు అదే తప్పు చేశానేమో అనిపించింది.

"మామా, యాడుండారు?"

కారులో తిరువాలంగాడు దాటుతున్నానని ఆయన తమిళంలో చెప్పాడు.

"మా అమ్మకు తెలిసిపోయింది. మిమ్మల్ని అడుగుతుంది. మా రామానుజం మామ ఆ క్షణంలోనే పోయినాడని చెప్పండి. అరుపు ఏమీ వినపడలేదని చెప్పండి. మీ కాళ్లు పట్టుకుంటా."

 అవతల కారు హారన్ వినిపించింది.

"వచ్చి మాట్లాడతానమ్మా," అని దేవేంద్రన్ ఫోను పెట్టేశాడు.

సరే అన్నాడా, కాదన్నాడా? ఆమెకు తెలియలేదు. ముందు నడుస్తున్న నాన్న ఒకసారి వెనక్కి తిరిగి చూసి, మళ్లీ నడిచాడు.

*

సుందరరాజులు ఇంటిదాకా వచ్చాడు కాని లోపలికి రాలేదు. వెనక పశువుల కొట్టం దగ్గరే ఆగిపోయాడు. చెంగమ్మ వంటింటి కిటికీలోంచి ఆయన్ని చూసింది. మనిషి క్షేమంగా ఉన్నాడని చూసుకుని, కిటికీ రెక్క మూసేసింది.

వీధిలో కారు ఆగింది.

దేవేంద్రన్ అరవై దాటినవాడు. తెల్ల చొక్కా, అంచు పంచె. మెడ ఎడమ పక్కన చర్మం ముడతలు పడి మెరుస్తోంది. ఎడమ చెవి సగమే ఉంది. చెంగమ్మ ఆ చెవిని చూసింది. చూసి, ఏమీ అనకుండా కుర్చీ వేసింది. లోటాతో మజ్జిగ తెచ్చి ఇచ్చింది. కోపంలో ఉన్నా, ఇంటికి వచ్చినవాడికి దాహం ఇవ్వకుండా మాట మొదలుపెట్టే మనిషి కాదు ఆమె.

ఆయన తాగేదాకా నిలబడే ఉంది.

"నా తమ్ముడు ఎట్లా పోయినాడు?"

వైష్ణవి గోడకు ఆనుకుంది. దేవేంద్రన్ ఆమె వైపు చూడలేదు. లోటా కింద పెట్టాడు.

"తంగచ్చీ," అన్నాడు. తోబుట్టువును పిలిచినట్టే పిలిచాడు. తర్వాత మాటలన్నీ తమిళంలోనే. ఆ ఇంట్లో అందరికీ అది పుట్టి పెరిగిన చోటి భాషే. "నేను చూడలేదు. చూడనిది చెప్పలేను. పేలినప్పుడు అతను ముందు పక్క, డ్రైవరుకు వెనకగా కూచోని ఉండినాడు. నేను వెనక పక్క. బెంచీ నా నడుం మీద పడింది. అతని నుంచి నాకు ఏ శబ్దమూ వినపడలేదు."

"పిలిచినాడంట గదా. కాగితంలో రాసినారు."

"కాగితంలో ఏం రాసినారో నాకు తెలియదు. నేను నెల రోజులు ఆసుపత్రిలో..."

కొట్టం వైపు తలుపు కిర్రుమంది. సుందరరాజులు నడవాలోకి వచ్చి నిలబడ్డాడు. టవలు రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు.

ముప్పైయారేళ్ల తరువాత ఇద్దరూ ఒకరినొకరు చూసుకోవడం ఇదే. దేవేంద్రన్ కుర్చీలోంచి లేచాడు. మడమలు దగ్గరికి చేర్చి నిలబడబోయి, నిలబడలేక, రెండు చేతులూ చాచాడు.

"బావా," అన్నాడు.

 సుందరరాజులు ముఖంలో రక్తం లేదు.

"ఏమన్నావు?" అని అడిగాడు.

"బావా అన్నా. నీ ముఖం మీద ఎప్పుడూ అనలేదులే. నీ ముందు నాయక్ సాబ్ అనేవాళ్లం." దేవేంద్రన్ గోడ మీది పటం వైపు చూశాడు. "రామానుజం రోజుకు నూరుసార్లు అట్లా పిలిచేవాడు గదా. సెక్షన్లో అందరికీ అదే అలవాటైంది. నీ వెనక పంజాబువాడు కూడా బావ అనేవాడు. మొదటి నెలంతా అది నీ పేరే అనుకున్నా నేను. ఆ పొద్దు పొగలో నీ గొంతు వినపడింది. కేకేస్తే ఆ పేరే నోట్లోంచి వచ్చింది. నీ కాలు తగిలేదాకా పిలుస్తానే ఉన్నా."

సుందరరాజులు ఒక అడుగు దగ్గరికి వేశాడు.

"పిలిచింది..."

"నేనే. నువ్వు లాగినావు. బయటపడినాక స్పృహ లేదు. ఇంక ఎట్లా పిలుస్తాను?"

"ఆ పిలుపు ముందర పక్క నుంచి వచ్చింది," అన్నాడు సుందరరాజులు. అది వాదనలా లేదు. పట్టుకున్న దాన్ని వదలడానికి భయపడుతున్నవాడి మాటలా ఉంది.

"తిరగబడిన లారీ, అంత పొగ. ముందేది, వెనకేది బావా?"

వైష్ణవి నాన్న ముఖంలోకి చూసింది. తను పుట్టినప్పటి నుంచి చూస్తున్న ఆ ముఖంలో, ఎన్నడూ చూడనిది ఏదో కదిలింది. నీళ్లు దొరకని మనిషి దూరంగా చెమ్మ చూసినప్పటి ఆశ అది.  గంట క్రితం గట్టు మీద తను చెప్పిన మాటలు చెవుల్లో మోగాయి. మీ కాళ్లు పట్టుకుంటా అంది తను. ఈ మనిషి తన ప్రాణం కాపాడినవాడి కోసం, ఆ మనిషి కూతురు బతిమాలి అడిగిన దాని కోసం, ఎంత పెద్ద మాటైనా చెప్పగలడు.

చెంగమ్మ భర్తను చూడడం లేదు. కూతురినే చూస్తోంది.

"వైష్ణవీ. ఈయనకు నువ్వు ఫోను చేసినావా పొద్దున?"

అబద్ధం నాలుక చివరే ఉంది. నాన్న ముఖంలో ఆ చెమ్మ అలాగే నిలిచి ఉండాలంటే ఒక్క మాట చాలు. కాని ఈ ఇంట్లో ముప్పైయారేళ్లుగా ఉన్నది అదే. మంచి కోరి చెప్పిన అబద్ధం.

"చేసినా," అంది.

"ఏమని?"

"రామానుజం మామ వెంటనే పోయినాడని చెప్పమన్నా. అరుపు లేదని చెప్పమన్నా."

సుందరరాజులు మెల్లగా మంచం మీద కూర్చున్నాడు. ముఖంలో వెలుగు ఎలా వచ్చిందో అలాగే పోయింది. దేవేంద్రన్ మాత్రం కోపగించుకోలేదు.

"పాప చెప్పమన్నది ఒకటి. నేను చెప్పింది ఇంకొకటి," అన్నాడు. "వెంటనే పోయినాడని నేను చెప్పలేదు. నాకు తెలియదు. నేను పిలిచిన సంగతే నాకు తెలుసు."

"మూడు ఉత్తరాలు రాసినారంట గదా. ఒక్కదాంట్లో అయినా ఇది రాసినారా?" అని అడిగింది చెంగమ్మ.

"పిలిచినవాడు ఎవరో ఆయనకు తెలియదని నాకెట్లా తెలుస్తుంది తంగచ్చీ? కాపాడినావు, బతికినా అని రాసినా."

అది నిజం చెప్పేవాడి బదులులాగే ఉంది. తెలివిగా అబద్ధం ఆడేవాడి బదులు కూడా అలాగే ఉంటుంది. వైష్ణవి ఆయన కళ్లలోకి చూసింది. తడి తప్ప ఏమీ దొరకలేదు. బల్ల మీద సంతకాలకు సిద్ధంగా రెండు వాంగ్మూలాలు, పెన్ను. గడియారం పదకొండు దాటింది.

"పోదాం లే నాయనా," అంది, ఏదో ఒకటి అనాలని. "దారిలో మాట్లాడుకుందాం."

"ఎవురూ యాడికీ పోరు," అంది చెంగమ్మ.

ఆమె వెళ్లి భర్త ముందు నిలబడింది. పొద్దుటి నుంచి ఆయనతో మాట్లాడడం ఇదే మొదలు.

"ఆ గొంతు మీకు గుర్తుండాదా?"

ఆయన తలెత్తలేదు. "ఒక్క పొద్దు మరిచిపోతే గదా," అన్నాడు.

"అయితే కండ్లు మూసుకోండి." తర్వాత దేవేంద్రన్ వైపు తిరిగింది. "అన్నా, మీరు ఆ కొట్టం గోడ అవతలికి పోండి. ఆ పొద్దు ఎట్లా పిలిచినారో, అట్లే పిలవండి."

"అమ్మా, వద్దు," అంది వైష్ణవి. "ఇన్నేండ్లయింది. గొంతు అట్లే ఉంటుందా?"

"ఆ పొద్దు పిలిచింది నా తమ్ముడే అయితే, ఈ గొంతు అది కాదు గదా. అది తెలుస్తుంది ఈయనకు."

"చెంగమ్మా," అన్నాడు సుందరరాజులు. "నాకు భయమేస్తాండాది."

"నాకు కూడా," అంది చెంగమ్మ. "మూసుకోండి."

ఆయన కళ్లు మూసుకున్నాడు. దేవేంద్రన్ కాసేపు నిలబడి, పంచె సర్దుకుని బయటికి నడిచాడు. వాకిలి దాటడం వినిపించింది. రాళ్ల మీద అడుగులు. గోడ వెనక్కి పోయాక అవీ లేవు. కొట్టంలో ఎద్దు ఒకసారి ముక్కుతో బుస్సుమంది.

చెంగమ్మ గోడ వైపు చూడలేదు. భర్త ముఖం మీదనే చూపు నిలిపింది. కూతురి మణికట్టు పట్టుకుని ఉంది, ఎప్పుడు పట్టుకుందో ఇద్దరికీ తెలియదు. గోళ్లు దిగుతున్నాయి.

గోడ అవతల ఎవరో దగ్గారు. పొగ మింగినట్టు, లోపలి నుంచి.

"బావా."

అరిచినట్టు లేదు. అరవడానికి ఊపిరి చాలనివాడి పిలుపు.

"బావా... బావా."

సుందరరాజులు లేచి నిలబడ్డాడు. కళ్లు మూసే ఉన్నాయి. ఒక చెయ్యి ముందుకు చాచి, పొగలో తడుముకుంటున్నట్టు ఒక అడుగు వేశాడు, ఇంకొకటి వేశాడు.

"వస్తాండా," అన్నాడు. "వస్తాండా. చెయ్యి ఇయ్యి."

"ఎవురది?" అని అడిగింది చెంగమ్మ. గొంతు గుసగుసలా వచ్చింది. "ఎవురు పిలిచేది? చెప్పండి."